రాయిని లాగనన్న గుర్రాలు

పిట్‌డూరీ పైపొలంలో నిలువురాయి ఉన్నచోట నాగలి ఎప్పుడూ వంపు తిరిగి పోయేది. రాయి చుట్టూ నాలుగు గొర్రెలు పడుకునేంత జాగా దున్నకుండా వదిలేసేవారు. అక్కడ గడ్డీ, పసుపుపచ్చ పూల ముళ్ళపొదలూ పెరిగేవి. వసంతంలో తీతువు పిట్టలు గుడ్లు పెట్టేవి. ఆ జాగా ఎవరిదని అడిగితే మావాళ్ళు పేరు చెప్పరు. "పెద్దాయనది" అని ఊరుకుంటారు. ఆ పెద్దాయన దేవుడు కాడని మాత్రం అందరికీ తెలుసు. ఆయనకి కాస్త వదిలేస్తే మిగతా పొలం జోలికి రాడని నమ్మకం.

రాయి మా నాన్నకంటే ఎత్తు. తూర్పు ముఖం మీద శిలువ, దాని నిండా తాళ్ళు అల్లినట్టు గీతలు. పడమటి ముఖం మీద గుర్రాలెక్కిన మనుషులు, ఒక పాము, ఒక విరిగిన బాణం, అడుగున ఒక అద్దం, దాని పక్కన దువ్వెన. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. మా అక్క ఎల్స్పెట్ చిన్నప్పుడు ఆ అద్దంలో ముఖం చూసుకుంటున్నట్టు వంగి, "జుట్టు బాగుందా గ్రిజీ?" అని అడిగేది. బాగుందని నేను చెప్పేదాకా అక్కణ్ణుంచి లేచేది కాదు.

అక్క బిడ్డ ఆ రాయి కిందే ఉంది, శిలువ వైపు.

మా నాన్న సాండర్స్ లీపర్ పిట్‌డూరీలో పెద్ద గుర్రపువాడు. తక్కిన గుర్రపువాళ్ళు ఆయన వెనక నడవాలి, ఆయన తిన్నాక తినాలి, ఆయన నాగలి తిప్పాకే తాము తిప్పాలి. అమ్మ మా చిన్నతనంలోనే పోయింది. అక్కా నేనూ ఆవుల పని, పాలగది పని చేసేవాళ్ళం. పొలం చివర రెండు గదుల రాతి ఇల్లు మాకిచ్చారు. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. మా యజమాని పేరు అలెగ్జాండర్ ఎసిల్‌మాంట్. కానీ మా వైపు రైతుని అతని పొలం పేరుతోనే పిలుస్తారు, అంచేత అందరికీ ఆయన పిట్‌డూరీ. భార్య పోయి చాలా ఏళ్ళయింది. చర్చి పెద్దల్లో ఒకడు. పాట ఎత్తుకున్నప్పుడు అందరికంటే ముందు ఆయన గొంతే లేచేది.

అక్క కడుపుతో ఉందని బయటపడ్డాక చర్చి పెద్దలు ఆమెని పిలిపించి తండ్రెవరో చెప్పమన్నారు. అక్క చెయ్యెత్తి చూపించింది. ఆ పెద్దల బల్ల దగ్గరే కూర్చున్న పిట్‌డూరీ లేచి నిలబడి, బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఆ పిల్లతో తనకు పాలగది లెక్క తప్ప ఇంకో మాటే లేదని ప్రమాణం చేశాడు. అక్కని ఆదివారం పూట ఊరందరి ముందు పశ్చాత్తాపపు పీట మీద కూర్చోబెట్టారు. మంచివాడి మీద నింద వేసినందుకు అదనంగా ఇంకో ఆదివారం కూర్చోమన్నారు. నాన్న టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు ఎప్పటిలాగే లేచి పిట్‌డూరీ గుర్రాలకి దాణా పెట్టాడు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు నుంచి నాన్నతో ఉన్న మాటలు కూడా తగ్గించేశాను.

నేల గడ్డకట్టుకుపోయిన నెలలో అక్కకి నొప్పులొచ్చాయి. మంత్రసాని కిర్స్టీ మేవర్ మోకాళ్ళ దాకా మంచు తొక్కుకుంటూ వచ్చింది. బిడ్డ ఒక్కసారి ఏడ్చింది. పాస్టరుగారి కోసం మనిషిని పంపేలోపే ఆగిపోయింది. సాయంత్రానికి అక్కా పోయింది. అక్కని చర్చి గోడ లోపల పెట్టారు. పేరు పెట్టి నీళ్ళు చల్లని బిడ్డని మాత్రం గోడ లోపల పెట్టకూడదని మావాళ్ళ పట్టింపు. నాన్న పాలగదిలోని చెక్క వెన్నపెట్టె ఒకటి శుభ్రంగా కడిగి, చంకలో పెట్టుకుని పైపొలానికి వెళ్ళాడు. పెద్దాయన జాగాలోకి నాగలి రాదు కదా. పార తీసుకుని వెనకే వెళ్ళింది నేనొక్కదాన్నే.

ఏడాది గడిచింది. పిట్‌డూరీకి దొరగారి భూమి మీద ఉన్న పందొమ్మిదేళ్ళ కౌలు ఆ మే నెలతో ముగుస్తోంది. పక్క పొలం నెదర్టన్ రైతు దాని మీద కన్నేశాడు. పిట్‌డూరీ మనసులో ఏం లెక్క వేసుకున్నాడో ఒకరోజు గుర్రపుశాల ముందు విన్నాను. నేను నీళ్ళపంపు దగ్గర పాలబిందెలు తోముతున్నాను. నాన్న ఆడగుర్రం జెస్ డెక్క ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు.

"సాండర్స్, పైపొలం రాయి తవ్వాలి. దొరగారికి పాత రాళ్ళ పిచ్చి నీకు తెలుసుగా. ఎడింబరో నుంచి చుట్టాలొస్తున్నారట. వాళ్ళ ముందు ఆయనింటి ఎదుట పచ్చికలో నిలబెట్టాలి."

"అది పెద్దాయన జాగా అయ్యా."

"పెద్దాయన నాకు కౌలు రాసిస్తాడా? దొర రాసిస్తాడు." పిట్‌డూరీ తన మాటకి తనే నవ్వాడు. "రాయి పోయాక ఆ ముళ్ళపొదలన్నీ కాల్చేసి దున్నెయ్. ఇన్నేళ్ళు ఊరికే వదిలేశాం. మంచి నేల, టర్నిప్పులు తలకాయంతేసి ఊరతాయి."

ఆ జాగాలో ఏముందో ఆయనకి తెలుసు. ఊరందరికీ తెలుసు. నాన్న డెక్క నెమ్మదిగా కిందికి దించాడు. గుర్రం మెడ మీద చెయ్యేశాడు.

"అలాగే అయ్యా" అన్నాడు.

నా చేతిలో బిందె పంపు రాయికి తగిలి సొట్టపడింది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇసక తీసుకుని మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాను. తోముతూనే అనుకున్నాను: అక్క మాట ఊరందరి ముందు అబద్ధమైంది. నిజం కూడా ఊరందరి ముందే ఈయన నోటి నుంచి రావాలి. అప్పటిదాకా ఆ రాయి అక్కణ్ణుంచి కదలకూడదు.

గుర్రపువాళ్ళకి ఒక మాట ఉంది. కొత్తవాణ్ణి కొట్టంలోకి తీసుకుపోయి, తలుపులు మూసి, కళ్ళకి గంత కట్టి, రొట్టే విస్కీ మధ్యన పెట్టి చెవిలో చెబుతారట. ఆ మాట తెలిసినవాడు పిలిస్తే ఎంత పొగరుబోతు గుర్రమైనా వెంట వస్తుందనీ, వాడు వద్దంటే పది కొరడాలు విరిగినా అడుగు వెయ్యదనీ చెప్పుకుంటారు. ఆడవాళ్ళకి చెప్పనని ఒట్టు వేయిస్తారు. ఊళ్ళో అందరూ అది మంత్రమనే అనుకుంటారు. నాకెవరూ చెప్పలేదు. నేను చూశాను, అంతే.

నా చిన్నప్పుడు గుర్రాల బేరగాడొకడు కమ్మరికొట్టు ముందు నాన్నని నానా మాటలూ అన్నాడు. నేను నాన్న రొట్టెల మూట పట్టుకుని గోడ మీద కూర్చుని ఉన్నాను. నాన్న వాడి ముందు నుంచి నడిచిపోతూ గేటు స్తంభానికి భుజం రాసుకున్నాడు. తర్వాత వాడి పోతుగుర్రం ఆ గేటు దాటనంటే దాటనంది. చెమటలు కక్కింది, వెనక్కి నడిచింది, వాణ్ణి గోడకేసి నొక్కింది. బేరగాడు టోపీ తీసి బతిమాలాక నాన్న వెళ్ళి, కోటు జేబులోంచి వెనిగర్లో తడిపిన గుడ్డ తీసి గుర్రం ముక్కు తుడిచాడు. అది గొర్రెపిల్లలా వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాన్న చొక్కా ఉతుకుతుంటే భుజం దగ్గర సన్నటి చెడువాసన వచ్చింది. గుర్రపుశాల దూలం మీద, పాత జీను వెనక, చిన్న మట్టి సీసా ఉందని ఆ తర్వాత ఇంకోసారి చూశాను. అందులో ఉన్నది స్టోట్ అని పొలాల్లో కుందేళ్ళని చంపుకు తినే చిన్న జంతువు కార్జం. ఎండబెట్టి, పొడి కొట్టి, ఏదో దాంట్లో నానబెట్టింది. మనిషి ముక్కుకి అది పేడవాసనలో కలిసిపోతుంది. గుర్రం మాత్రం భరించలేదు.

రాయిని ముందురోజే తవ్వారు. తవ్వేటప్పుడు నాన్న ఎవరినీ తూర్పు వైపు పార వెయ్యనివ్వలేదు. "ఇటు నేల గట్టిగా ఉంది, అటునుంచి తవ్వండి" అని పడమటి వైపే తవ్వించి, ఆ వైపుకే తాళ్ళతో ఒరిగించాడు. తర్వాత దాన్ని దొర్లించి చక్రాలు లేని చెక్కబండి మీద పడుకోబెట్టారు, శిలువ కిందికి, అద్దమూ దువ్వెనా ఆకాశం వైపు. కింది గేటు దగ్గరంతా బురద. అంత బరువు అటు పోతే దిగబడిపోతుంది. అంచేత పైవైపు రాతిగోడ కొంత విప్పి బండి పట్టేంత దారి చేశారు. మిగతా గోడ పొడుగునా లోతైన కాలువ ఉంది. కాబట్టి రాయి పోవాలంటే అదొక్కటే దారి.

మర్నాడు తెల్లవారుతుండగా, ఆవుల దగ్గరికి పోయే ముందు, ఆ దారికి రెండు పక్కలా ఉన్న గోడరాళ్ళకి సీసాలోది పూశాను. చేతులు ఆవుపాలతో కడుక్కున్నాను. తూర్పుగాలి గోడ మీంచి పొలంలోకి వీస్తోంది. తీతువులు నా తల మీద తిరుగుతూ అరుస్తున్నాయి, నేను వాటి గుడ్ల కోసం వచ్చాననుకుని.

ఎండ ఎక్కేసరికి పైపొలంలో తిరనాళ్ళలా ఉంది. దొరగారు, దొరసాని, ఎడింబరో చుట్టాలు గుర్రపుబండ్లలో వచ్చి గోడ అవతల ఆగారు. పాస్టరుగారు వచ్చారు. పిండిమర నడిపే రిడక్ తన గుర్రాల జతని అవసరానికి ఉంటుందని తీసుకొచ్చాడు. కిర్స్టీ మేవర్ గోడ మీద దుప్పటి పరుచుకుని, అల్లిక సూదులతో మేజోడు అల్లుతూ కూర్చుంది. నేను అందరికీ ఓట్స్ రొట్టే జున్నూ, మగవాళ్ళకి బీరూ అందిస్తున్నాను. పిట్‌డూరీ ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు.

కింది గేటులోంచి గుర్రాల్ని తెచ్చి జతలు జతలుగా బండికి కట్టారు. ముందు జతలో జెస్, డాండీ. నాన్న వాటి పక్కన నిలబడి నాలుక తాటించాడు. తాళ్ళు బిగుసుకున్నాయి. బండి మూలిగి ఒక జానెడు జరిగింది. అంతలో జెస్ తల ఎత్తింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. డాండీ చెవులు వెనక్కి అంటుకుపోయాయి. రెండూ కాళ్ళు బిగతన్ని నిలబడ్డాయి.

"ఏంట్రా సాండర్స్, నిద్రలేదా వాటికి?" అన్నాడు పిట్‌డూరీ.

నాన్న మళ్ళీ తాటించాడు. జెస్ పక్కకి తిరిగి వెనక జతని గుద్దింది. పిట్‌డూరీ కొరడా లాక్కుని దాని వీపు మీద కొట్టాడు. అది వెనక్కాళ్ళ మీద లేచి, దిగి, అంగుళం కూడా ముందుకు పోలేదు. నాన్న ఒకసారి గుర్రాల్ని చూశాడు, ఒకసారి గాలి వస్తున్నవైపు చూశాడు. నడుచుకుంటూ గోడ దారి దగ్గరికి వెళ్ళి, రాయి ఏమన్నా అడ్డం ఉందేమో చూస్తున్నట్టు వంగి, గోడ మీద చెయ్యి ఆనించాడు. లేచి ముక్కు గోక్కున్నాడు.

ఆయన తల తిప్పి జనాన్ని ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. రొట్టెల బుట్ట పట్టుకున్న నా దగ్గర ఆ చూపు ఆగింది. వెనిగర్ గుడ్డ ఆయన జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. రెండు గుర్రాల ముక్కులు తుడవడం ఎంతసేపు?

నాన్న చెయ్యి గడ్డికి రాసుకుని వెనక్కి వచ్చాడు.

"ఇవి రావయ్యా" అన్నాడు.

"రాకపోవడమేంటి?"

"రావంటే రావు. ఇక మీ ఇష్టం."

రిడక్ తన జతని ముందు కట్టించాడు. అవి ఇంకా అన్యాయం. ఒకటి తాడు తెంపుకుని కింది గేటు దాకా పరుగెత్తింది. గోడ అవతల ఎడింబరో ఆడవాళ్ళు నవ్వారు. ఈ వైపు నవ్వులు అప్పటికే తగ్గిపోయాయి.

కిర్స్టీ మేవర్ సూదులు ఆపకుండానే అంది, "మా అమ్మ చెప్పేది. పూర్వం సరిహద్దు తగాదాలొస్తే ఈ రాయి మీదే ఒట్టేసేవారట. అబద్ధం దాచుకున్నవాడు దగ్గరుంటే ఇది ఎక్కడికీ రాదట."

"అయితే ముందు నేను వదిలించుకుంటానే ముసలమ్మా!" అని రిడక్ టోపీ తీసి రాయికి దండం పెట్టాడు. "తల్లీ, పిండి పట్టినప్పుడల్లా బస్తాకో గుప్పెడు నా తొట్టిలో పోసుకున్న మాట నిజం."

"అది రాయికెందుకు, ఈ ఊళ్ళో కోళ్ళక్కూడా తెలుసు!" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు. గుర్రాల్ని మళ్ళీ తోలారు. కదల్లేదు.

"గుప్పెడు కాదురా, రెండు గుప్పెళ్ళని సరిగ్గా చెప్పు, అప్పుడు చూద్దాం" అంది కిర్స్టీ. మళ్ళీ నవ్వారు. రెండో గుర్రపువాడు, పనివాళ్ళు పడుకునే కొట్టంలో పోయిన కత్తి తనే తీశానని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. గుర్రాలు కదల్లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గాలికి ముళ్ళపొదలు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎవరు ముందు తిరిగారో తెలియదు, కాసేపటికి పొలంలో ఉన్న ముఖాలన్నీ పిట్‌డూరీ వైపు తిరిగి ఉన్నాయి.

"ఏంటలా చూస్తారు?" అన్నాడాయన.

గోడ అవతల నుంచి దొరగారు సరదాగా అన్నారు, "పిట్‌డూరీ, నువ్వూ చెయ్యి పెట్టి ఏమీ లేదని చెప్పెయ్యవయ్యా. ఆట పూర్తయిపోతుంది. మధ్యాహ్నం భోజనం చల్లారిపోతోంది. మా దివాను కూడా కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు."

కాగితాలంటే కౌలు. పిట్‌డూరీ రాయి దగ్గరికి నడిచాడు. ఆయన అరచెయ్యి సరిగ్గా అద్దం మీద పడింది, అక్క వంగి ముఖం చూసుకునే చోట.

"నేను దాచింది ఏమీ లేదు" అన్నాడు.

నాన్న తాటించాడు. గాలి అప్పుడే విసురుగా వచ్చింది. జెస్ ఒక్క అరుపు అరిచి వెనక్కి పడింది. దాంతో జతలన్నీ వెనక్కి తగ్గాయి, బండి పక్కకి ఒరిగింది, రాయి జారి దాని అంచు పిట్‌డూరీ బూటుని రాసుకుంటూ ఆగింది. ఒక్క వేలెడు ఇటు పడి ఉంటే పాదం ఉండేది కాదు. జనం అంతా ఒక్కసారి ఊపిరి పీల్చారు. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

పిట్‌డూరీ ముఖం పిండిలా తెల్లబడింది. ఆయన ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవాడు. ఎన్ని కోట్లు వేసుకున్నా, తల్లి ఉగ్గుతోపాటు పెట్టిన భయాలు లోపల అలాగే ఉన్నాయి. నాన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. రొట్టెల బుట్టతో నేను పక్కనే ఉన్నాను. పనిపిల్ల ఉన్నా లేనట్టే కదా.

"సాండర్స్, ఏం కావాలి వీటికి?"

"నాకేం తెలుసయ్యా. గుర్రాలకి తెలుసు."

"నువ్వు ఆ మాట తెలిసినవాడివి. చెప్పు వాటికి."

"చెప్పాను. నాది వినడం లేదు. మీది వినాలనుకుంటున్నాయేమో."

నాన్న అంత పొడుగు మాట ఆయనతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. పిట్‌డూరీ దివాను వైపు చూశాడు, గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్న నెదర్టన్ రైతు వైపు చూశాడు. మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళాడు. ఒంగి, పెదవులు దాదాపు రాయికి తగిలించి ఏదో గొణిగాడు.

"గట్టిగా పిట్‌డూరీ!" కిర్స్టీ గోడ మీంచి దిగింది. మేజోడు కింద పడినా చూసుకోలేదు. "వెయ్యేళ్ళ ముసలిది, చెవుడు ఉండదూ? చర్చిలో పాట ఎత్తుకుంటావే, ఆ గొంతుతో చెప్పు."

"ఎల్స్పెట్ లీపర్ కన్న బిడ్డ నాది" అన్నాడు పిట్‌డూరీ. "బైబిల్ మీద నేను చేసింది అబద్ధపు ప్రమాణం."

గోడ అవతల కూడా వినిపించేంత గట్టిగానే చెప్పాడు. దొరసాని గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నా బుట్టలోంచి రొట్టె ఒకటి కింద పడింది. ఎవరిదో కుక్క దాన్ని తినేసింది. అక్క పీట మీద కూర్చున్నప్పుడు ఆమె మీద ఉన్న కళ్ళన్నీ ఇప్పుడు ఆయన మీద ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ చూసుకున్నాను.

నాకు కావలసింది అదే, అయిపోయిందనుకున్నాను. ఇప్పుడిక నాన్న గుడ్డ తీస్తాడు. జీవితమంతా "అలాగే అయ్యా" అన్న మనిషి. మా ఇల్లు నిలబడుతుంది, రాయి పోతుంది, టర్నిప్పులు వేస్తారు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. నేను చూస్తున్నాను. బయటికి వచ్చిన చేతిలో పొగాకు పైపు ఉంది. దాన్ని నిదానంగా నింపి, వెలిగించి, రెండు దమ్ములు లాగాడు. గుర్రాల్ని సర్ది, జెస్ కళ్ళెం పట్టుకుని, అందరికీ వినపడేలా నాలుక తాటించాడు.

గుర్రాలు కదల్లేదు.

"ఇంకా ఉన్నట్టుందయ్యా" అన్నాడు నాన్న.

పిట్‌డూరీ రాయి వైపూ గుర్రాల వైపూ మార్చి మార్చి చూశాడు, బేరంలో మోసపోయిన మనిషిలా. పాస్టరుగారు ఆయన మోచెయ్యి పట్టుకుని, "పద, మనం మాట్లాడుకోవాలి" అని తీసుకుపోయారు. జనం దారి ఇవ్వడానికి రెండుపక్కలా తప్పుకున్నారు. అందరూ ఆయనకి తగలకుండా ఉండడానికే చూశారు.

దొరగారి బండ్లు వెళ్ళిపోయాయి. వెళ్ళేముందు ఆయన రాయిని ఉన్నచోటే నిలబెట్టమన్నారు. ఇంత కథ ఉన్న రాయి ఇక్కడుంటేనే అందమని చుట్టాలతో అన్నారట. కౌలు నెదర్టన్‌కి పోయింది. కొత్త రైతు కౌలు రాసుకున్న రోజే నాన్నని పక్కకి పిలిచి, ఆ జాగా ఎంతవరకో అడుగులేసి చూపించమని అడిగి, దానికంటే ఇంకో రెండడుగులు ఎక్కువే వదిలేశాడు. రాయిని మళ్ళీ పాతేరోజు కూడా నాన్న తూర్పు వైపు ఎవరినీ పార ముట్టనివ్వలేదు. పిట్‌డూరీ మూడు ఆదివారాలు అదే పీట మీద కూర్చున్నాడు. నేను ప్రతి ఆదివారం ముందు వరసలో చోటు చూసుకున్నాను. అక్క గుడ్డలు మడిచిపెట్టిన పెట్టెలోంచి ఆమె నీలం శాలువా తీసి కప్పుకుని వెళ్ళాను. ఆయన తల ఎత్తినప్పుడల్లా కనిపించాలని.

మే నెలాఖరున, కౌళ్ళూ కొలువులూ మారినవాళ్ళందరం ఇళ్ళు మారే రోజు వచ్చింది. నెదర్టన్ తన గుర్రపువాళ్ళని తనతో తెచ్చుకున్నాడు. నాన్నకి కొండ అవతల వేరే పొలంలో పని దొరికింది. మా మంచం, గిన్నెలు, కోళ్ళబుట్ట ఒక బండిలో పట్టేశాయి. పైపొలం మలుపు దగ్గర ఎదురుగా ఇంకో బండి ఆగి ఉంది. దాని మీద గడియారం, గొప్ప కుర్చీలు, పరుపులు. ముందు పిట్‌డూరీ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడిక ఆయన్ని ఆ పేరుతో పిలవకూడదు. అయినా వేరే పేరు మా నోటికి అలవాటు లేదు. పట్నంలో చెల్లెలింటికి పోతున్నాడు.

ఆయన నా వైపు చూశాడు. బాగా చిక్కిపోయాడు.

"గ్రిజెల్, ఒక్క మాట. నేను నిజం చెప్పాను కదా. అందరి ముందూ చెప్పాను. మరెందుకు కదల్లేదు?"

జవాబు నా ఒళ్ళోనే ఉంది, ఏప్రన్ కింద, మట్టి సీసాలో. ఇల్లు సర్దేటప్పుడు దూలం మీద నుంచి నేనే దించాను. తూర్పున రాయి కనిపిస్తోంది, దాని చుట్టూ పొదలు నిండా పూసి ఉన్నాయి.

"ఇంకేదో మిగిలి ఉంటుందయ్యా" అన్నాను. "బాగా ఆలోచించుకోండి. నిదానంగా. గుర్తొస్తుంది."

ఆయన తల ఊపాడు. నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు. కళ్ళు ఎక్కడో పెట్టి, పెదవులు కదుపుతూ, తన బతుకంతా మొదటినుంచీ ఒక్కొక్కటే తిరగేసుకుంటున్నట్టు. మేం మలుపు తిరిగేదాకా ఆ బండి అక్కడే ఉంది.

చాలా దూరం వచ్చాం. వాగు దాటాక నాన్న గుర్రం వీపు మీదే చూపు పెట్టి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"చాలా ఎక్కువ పూశావ్. రెండు పక్కలా అవసరం లేదు. గాలి వచ్చే వైపు ఒక్కటి చాలు."

ఆడదానికి చెప్పకూడదని ఒట్టు వేసిన మనిషి.

"ఈసారి చూసుకుంటాను నాన్నా" అన్నాను.